48 గెలిచి ఇంటికెళ్ళిన జట్టు

2024 వేసవిలో సిటిజన్‌షిప్ అప్లికేషన్ కోసం పాత కాయితాలు వెతుకుతున్నాం. ఇమ్మిగ్రేషన్ కాయితాల సంగతి మీకు చెప్పక్కర్లేదు కదా, మా ఇంట్లో అవి మూడు డబ్బాలు. అందులో మా ఆవిడ ఫైల్లోంచి ఓ క్యాలెండర్ కాయితం జారిపడింది. ఇండియన్ గ్రాసరీ కొట్లో జనవరిలో ఊరికే ఇస్తారే, తిథి, నక్షత్రం, వర్జ్యం, రాహుకాలం అన్నీ ఉండేది, అదన్నమాట. ఏప్రిల్ 2008. కొన్ని గళ్ళల్లో నీలం పెన్నుతో 'గె', కొన్నిట్లో 'ఓ' అని రాసుంది. గె అంటే గెలుపు, ఓ అంటే ఓటమి. వెనక్కి తిప్పితే రెండు వరసల్లో జట్ల పేర్లు, పక్కన అంకెలు. కింద విడిగా ఒక లైను: "మనం 48. వెస్ట్‌లో తొమ్మిది. ఈస్ట్‌లో అయితే నాలుగు."

మావాడికి పదిహేనేళ్ళు. స్టెఫ్ కర్రీ భక్తుడు. కాయితం తీసుకుని రెండువైపులా చూసి, "నాన్నా, దిస్ టీమ్ ప్లేఆఫ్స్‌కి కూడా వెళ్ళలేదు. వై డిడ్ అమ్మ సేవ్ ఇట్?" అన్నాడు.

వాడికి అప్పటికప్పుడు చెప్పిన జవాబు నాకే నచ్చలేదు. అందుకే ఇదంతా.

ముందుగా డిస్‌క్లైమర్. నేనేమీ బాస్కెట్‌బాల్ పండితుణ్ణి కాదు. ఇంజనీరింగ్ కాలేజీలో హాస్టల్ వెనక ఒక బాస్కెట్‌బాల్ కోర్టు ఉండేది, దాని మీద మేం క్రికెట్ ఆడేవాళ్ళం. 2005లో అమెరికా వచ్చి ఫ్రీమాంట్‌లో దిగాక కూడా నా దృష్టిలో ఎన్‌బీఏ అంటే మైకేల్ జోర్డానే, ఆయన రిటైరైన సంగతి తెలిసి కూడా :)

మమ్మల్ని పట్టేసింది 2007 వసంతం. గోల్డెన్ స్టేట్ వారియర్స్ అప్పటికి 1994 తర్వాత ప్లేఆఫ్స్ మొహం చూడలేదు. ఆ సీజన్లో ఒక దశలో 26 గెలుపులు, 35 ఓటములు. తర్వాత 21 ఆటల్లో 16 గెలిచి, 42-40తో ఎనిమిదో జట్టుగా ఆఖరి తలుపులోంచి లోపలికి దూరారు. ఎదురుగా డల్లాస్, 67 గెలుపులతో లీగ్ మొత్తంలో మొదటి స్థానం. వాళ్ళని ఆరు ఆటల్లో 4-2తో కొట్టారు. ఏడు ఆటల సిరీస్‌లో ఎనిమిదో జట్టు మొదటి జట్టుని ఓడించడం అదే మొట్టమొదటిసారి. మా ఆవిడ అమెరికా వచ్చి అప్పటికి ఏడాది కాలేదు. ఫ్రీమాంట్‌లో బార్ట్ ఎక్కి కొలీజియం స్టేషన్లో దిగి, పసుపు చొక్కాల జనంలో కలిసి ఆ వంతెన మీద నడిచివెళ్ళడం అన్నవరం కొండెక్కినట్టు ఉందని అంది. ఆ తర్వాత రౌండులో యూటా చేతిలో ఓడిపోయారు. అయినా ఎవరూ బాధపడలేదు.

అందరూ చెప్పుకునేది ఆ 2007 సీజన్ గురించే. నేను చెప్పదల్చుకున్నది దాని తర్వాతి సీజన్, 2007-08 గురించి. నా ఉద్దేశంలో ఆడిన ఆట ప్రకారం అదే మెరుగైన జట్టు. కానీ దాని గురించి ఎక్కడా ఎవరూ మాట్లాడరు.

ఈ రెండు సీజన్ల మధ్యలో ఒక వేసవి ఉంది. 2007 జులై. ఈ మాట వినగానే కొంతమందికి ఈపాటికే గుండె కలుక్కుమని ఉంటుంది. తెలియనివాళ్ళ కోసం: ఆ నెల వీసా బులెటిన్లో దాదాపు అన్ని ఉద్యోగ కేటగిరీలూ 'కరెంట్' అయిపోయాయి. ఎన్నేళ్ళనించో క్యూలో ఉన్నవాళ్ళంతా ఒక్కసారే గ్రీన్‌కార్డు ఆఖరి దశకి అప్లై చేసుకోవచ్చన్నమాట. జులై 2న "అబ్బే, లేదు" అన్నారు. మనవాళ్ళు గాంధీగిరీ అంటూ ఇమ్మిగ్రేషన్ ఆఫీసుకి పూలగుత్తులు పంపారు, శాన్‌హోజేలో ఊరేగింపు చేశారు. జులై 17న మళ్ళీ "సరే, ఆగస్టు 17 దాకా తీసుకుంటాం" అన్నారు. అప్పుడు ఫైల్ చేసినవాళ్ళకి గ్రీన్‌కార్డు ఎప్పుడొచ్చిందన్నది వేరే సంగతి. కొన్ని నెలల్లో భార్యాభర్తలిద్దరికీ పని చేసుకునే పర్మిట్ మాత్రం వచ్చేసింది.

నాకు కుదర్లేదు. అప్పుడు నేను పనిచేస్తున్న కన్సల్టింగ్ కంపెనీ (పేరెందుకు లెండి) నా లేబర్ అప్లికేషన్ "వచ్చే క్వార్టర్, వచ్చే క్వార్టర్" అంటూ ఏడాదిన్నర నానబెట్టి ఆ ఏడాదే వేసింది. ఆ కిటికీ తెరిచి ఉన్నన్నాళ్ళూ అది అప్రూవ్ కాలేదు. లేబర్ లేకపోతే మిగతాదేదీ కదలదు. మా పక్క అపార్ట్‌మెంట్ వాళ్ళు, ఎదురు అపార్ట్‌మెంట్ వాళ్ళు, నాతో ఒకే ప్రాజెక్టులో పనిచేసే ఇద్దరు, అందరూ ఫైల్ చేశారు. దసరా వెళ్ళేసరికి మా కాంప్లెక్సులో పొద్దున ఎనిమిదింటికి భార్యలు కూడా లాప్‌టాప్ బ్యాగులతో బయల్దేరడం మొదలైంది. మా ఆవిడ ఎంసీఏ. హైదరాబాద్‌లో రెండేళ్ళు టెస్టింగ్‌లో పనిచేసి వచ్చింది. హెచ్-4 మీద ఇంట్లో ఉండిపోయింది.

ఆ అక్టోబరు ఆఖర్లో మొదలైంది సీజన్.

మొదటి ఆరు ఆటలూ ఓడిపోయారు. డ్రాఫ్ట్ రాత్రే జేసన్ రిచర్డ్‌సన్‌ని షార్లెట్‌కి ఇచ్చేసి బ్రాండన్ రైట్ అనే కుర్రాణ్ణి తెచ్చుకున్నారు. స్టీఫెన్ జాక్సన్ మీద ఏడు ఆటల సస్పెన్షన్ ఉంది. ఆరో 'ఓ' రాశాక, మొన్నటి వసంతం కల అయ్యుంటుందని మా ఆవిడే అంది. అయినా క్యాలెండర్ మీద రాయడం మానలేదు. ఆట ఆవిడకి నేర్పింది నేను కాదు, టీవీలో జిమ్ బార్నెట్. పాత ఆటగాడు, కామెంటరీలో ప్రతీదీ విప్పి చెప్పేవాడు. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి పిక్ అండ్ రోల్‌లో ఎవరు ఎటు జరగాలో ఆవిడ నాకు ప్లేట్లూ గ్లాసులూ పెట్టి చూపించేది.

జాక్సన్ తిరిగొచ్చాక జట్టు మారిపోయింది. ఆటకి సగటున 111 పాయింట్లు, లీగ్ మొత్తానికి అదే ఎక్కువ. బారన్ డేవిస్, మోంటా ఎలిస్, జాక్సన్ ముగ్గురికి ముగ్గురూ 20 పైన సగటు. ఎప్పుడూ ఏదో ఒక దెబ్బతో కూర్చునే బారన్ ఆ ఏడాది 82కి 82 ఆటలూ ఆడాడు. ఎలిస్‌కి అప్పుడు 22 ఏళ్ళు, గురి చూసి కొట్టినదాంట్లో సగానికి పైగా పడేవి. డిఫెన్స్ మాత్రం అడక్కండి. మన రాజుగారి పెళ్ళి భోజనాల్లాగా, మనం ఎంత తింటామో అవతలవాడికీ దాదాపు అంతా పెట్టేవాళ్ళు.

ఇక్కడ కోచ్ డాన్ నెల్సన్ గురించి నా అభిప్రాయం. ఆయన లేకపోతే 2007 లేదు, ఒప్పుకుంటాను. పొడుగాళ్ళందర్నీ పక్కన పెట్టి పరిగెత్తేవాళ్ళతో ఆడించడం అప్పుడు పిచ్చి అన్నారు, ఇప్పుడు లీగ్ అంతా అదే. కానీ 2007-08లో కొద్దిమంది మీదే బండి లాగించాడు. బారన్, జాక్సన్ ఒక్కొక్కరూ ఆటకి 39 నిమిషాలు. కొత్తగా తెచ్చుకున్న రైట్, బెలినెల్లి చాలా రోజులు బెంచీ మీదే. మన ప్రాజెక్టుల్లో చూస్తుంటాం కదా, ఇద్దరు మంచి డెవలపర్ల మీద రిలీజు మొత్తం వేసేసి, ఫ్రెషర్లకి ఏమీ నేర్పకుండా, ఆఖరి నెలలో ఆ ఇద్దరూ అలిసిపోయారని మేనేజరు ఆశ్చర్యపోవడం. అచ్చు అదే. పైగా జనవరిలో క్రిస్ వెబర్‌ని పిలిపించాడు. 1994లో నెల్సన్‌తో పడక వెళ్ళిపోయినవాడు. తొమ్మిది ఆటలు ఆడాడు, మోకాళ్ళు సహకరించలేదు, మార్చిలో రిటైర్ అయ్యాడు.

ఇక ఏప్రిల్. ఆ ఏడాది వెస్ట్ ఎలాంటిదంటే, లేకర్స్ 57, న్యూ ఆర్లీన్స్ 56, శాన్ ఆంటోనియో 56, హూస్టన్ 55, ఫీనిక్స్ 55, యూటా 54, డల్లాస్ 51, డెన్వర్ 50. ఎనిమిది జట్లకి ఎనిమిదీ 50, ఆ పైన. అంతకుముందెప్పుడూ అలా జరగలేదు. హూస్టన్ వరసగా 22 గెలిచి కూడా సీజన్ ఆఖరికి కాన్ఫరెన్సులో మొదటి స్థానంలో నిలవలేకపోయింది. డెన్వర్‌తో మనం ఏప్రిల్ రెండో వారంలో ఓక్లాండ్‌లో ఆడిన ఆట ఒకరకంగా ఫైనల్. ఓడిపోయాం. ఉగాది వెళ్ళిన వారానికి, ఏప్రిల్ 14న ఫీనిక్స్‌లో తాడో పేడో. ఆ రాత్రి బారన్‌కి ఏదీ పడలేదు. నెల్సన్ రెండో సగమంతా అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టాడు. 82 ఆటలు మోసినవాణ్ణి ఆఖరి గంటలో కూర్చోబెట్టడం తప్పని నేను, ఆ రాత్రి ఆడుతున్న తీరుకి కూర్చోబెట్టక ఏం చేస్తాడని మా ఆవిడ. ఇప్పటికీ ఇది మా ఇంట్లో తేలలేదు. ఓడిపోయాం. అయిపోయింది.

రెండు రోజుల తర్వాత సొంతగడ్డ మీద సియాటిల్ సూపర్‌సోనిక్స్‌తో లెక్కకి పనికిరాని ఆట. అదీ ఓడారు. కెవిన్ డ్యురాంట్ అనే 19 ఏళ్ళ కుర్రాడు 42 కొట్టాడు. సోనిక్స్ అనే జట్టుకి అదే ఆఖరి ఆట అయింది, ఆ వేసవిలో వాళ్ళని ఓక్లహోమా పట్టుకుపోయారు. ఆ కుర్రాడే ఎనిమిదేళ్ళ తర్వాత మన జట్టుకి వచ్చి రెండు కప్పులు గెలిపిస్తాడని ఆ రాత్రి ఎవరైనా చెప్పుంటే నవ్వేవాళ్ళం.

48-34. ఒక్కో కాన్ఫరెన్సు నుంచి ఎనిమిది జట్లని తీసుకోవడం 1984లో మొదలైంది. ఆ పద్ధతిలో 48 గెలిచి బయట ఉండిపోయిన మొదటి జట్టు మనదే. 2014లో ఫీనిక్స్ కూడా సరిగ్గా 48 గెలిచి బయటుండి సమం చేసింది.

ఈస్ట్‌లో ఎనిమిదో జట్టు అట్లాంటా ఆ ఏడాది ఎన్ని గెలిచిందో తెలుసా? 37. గెలిచినవాటికన్నా ఓడినవి ఎక్కువ. అయినా లోపలికెళ్ళింది, వెళ్ళి 66 గెలిచిన బోస్టన్‌ని ఏడో ఆట దాకా లాగింది. నాలుగో జట్టు క్లీవ్‌లాండ్ 45. అంటే మనం ఈస్ట్‌లో ఉంటే నాలుగో స్థానం, మొదటి రౌండు సొంతగడ్డ మీద. ఎంసెట్ రాసినవాళ్ళకి ఇది అరక్షణంలో అర్థమైపోతుంది. 85 శాతం లోకల్, ఏయూ ఏరియా, ఓయూ ఏరియా, ఎస్‌వీయూ ఏరియా. ఒకటే పరీక్ష, ఒకటే ర్యాంకు. ఏ ఏరియాలో చదివావన్నదాన్ని బట్టి కాలేజీ.

ఫీనిక్స్ ఆట అయిన రాత్రి మా ఆవిడ ఆ ఏప్రిల్ కాయితం చింపి, వెనక ఈ రెండు వరసలూ రాసింది. రాస్తూ రాస్తూ మామూలుగానే అంది, "మనది కూడా ఇంతే కదండీ. వేరే దేశంలో పుట్టుంటే ఈపాటికి అయిపోయేది."

దేశానికి ఏడు శాతం అన్న పరిమితి గురించి అంది. ఇండియా అయినా ఐస్‌లాండ్ అయినా ఏడే. అదే డిగ్రీ, అదే ఉద్యోగం, పక్క సీట్లో పోలండ్ నుంచి వచ్చినతనికి నాకన్నా వెనక మొదలుపెట్టినా ముందే వచ్చేసింది. అతని మీద నాకేం కోపం లేదు, మంచివాడు. అట్లాంటా మీద కూడా లేదు. వాళ్ళకిచ్చిన గీత ప్రకారం వాళ్ళు ఆడారు.

ఇప్పుడు మావాడి వాదన. చెప్పానుగా, కాయితం రెండువైపులా చూశాడు. "ఓ-అండ్-సిక్స్ స్టార్ట్ చేశారు నాన్నా. అందులో మూడు గెలిచుంటే యూ ఆర్ ఇన్. కాన్ఫరెన్స్‌ని అంటావేంటి?"

నిజమే. కాదనను. డిఫెన్స్ ఆడుంటే, ఏప్రిల్‌లో డెన్వర్‌ని ఓడించుంటే, ఇవన్నీ మన చేతిలో ఉన్నవే. కాన్ఫరెన్సుల వెనక కూడా కారణం ఉంది, 82లో 52 ఆటలు సొంత కాన్ఫరెన్సులోనే ఆడతారు, ప్రయాణాలు, టైమ్ జోన్లు, పాత వైరాలు. ఇంకా మాట్లాడితే 2007లో 42కే తలుపు తీశారు, అప్పుడు అన్యాయమని మనం అరవలేదు. నేనూ అంతే. 2005లో నాకు హెచ్-1 లాటరీ లేకుండా వచ్చింది. 2007 ఏప్రిల్‌లో మొదటి రెండు రోజుల్లోనే కోటా నిండిపోయి లాటరీ వేశారు. నాకన్నా తెలివైన నా జూనియర్ ఒకడు దాంట్లో పోయాడు. నాకు కలిసొచ్చిన గీతని నా ప్రతిభ అనుకున్నాను, కలిసిరాని గీతని మాత్రం అన్యాయం అన్నాను. పొరపాటు రెండుచోట్లా ఉంది.

నా అభిప్రాయం ఇంతే. ఎంత బాగా ఆడావన్నది ఒక లెక్క, లోపలికి రానిచ్చారా అన్నది ఇంకో లెక్క. రెండిటికీ సంబంధం ఉంది, కాదనడం లేదు. కానీ రెండూ ఒకటి కాదు. సీజన్ అయిపోయాక మొదటి లెక్క అందరూ మర్చిపోతారు. గూగుల్‌లో కొట్టినా రెండోదే ముందొస్తుంది. "ప్లేఆఫ్స్‌కి వెళ్ళలేదు" అన్న నాలుగక్షరాల కింద 48 రాత్రులు పోతాయి.

తర్వాత జరిగింది తెలిసిందే. 2008 వేసవిలో బారన్ క్లిప్పర్స్‌కి వెళ్ళిపోయాడు. మరుసటి ఏడు 29 గెలుపులే. అలా పడిపోవడం వల్లే 2009 డ్రాఫ్ట్‌లో ఏడో నంబరు దొరికింది, ఆ ఏడో నంబరే కర్రీ. అంతా మన మంచికే అంటారు స్నేహితులు. మా ఇంట్లో ఆ మాట నాకు నచ్చదు. కర్రీ వచ్చాడు, సంతోషం. కానీ బారన్‌కీ జాక్సన్‌కీ ఆ ఏప్రిల్ ఎవరూ తిరిగివ్వలేదు. హెచ్-4 వాళ్ళు ఉద్యోగం చేసుకోవచ్చన్న రూలు 2015 మే 26న అమల్లోకి వచ్చింది. మూడు వారాల తర్వాత వారియర్స్ నలభై ఏళ్ళకి మొదటి కప్పు గెలిచారు. మా ఆవిడ ఆ కప్పు చూస్తూ రెజ్యూమే రాసుకుంది. 2006 నుంచి 2015 దాకా ఖాళీ. ఆరు నెలలు తిరిగితే దొరికింది కాంట్రాక్టు టెస్టర్ పని. ఆవిడ లీడు వయసు ఆవిడకన్నా తొమ్మిదేళ్ళు తక్కువ. 2019లో మాకు కార్డులొచ్చాయి. ఆ ఏడే వారియర్స్ ఓక్లాండ్ వదిలేసి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్ళిపోయారు.

ఎన్‌బీఏ కొంత దిద్దుకుంది. 2021 నుంచి ఏడు నుంచి పది స్థానాల వాళ్ళకి ప్లే-ఇన్ ఆటలు పెట్టారు. ఆ రూలు 2008లో ఉంటే తొమ్మిదో జట్టుకి కనీసం ఒక తలుపు ఉండేది. ఏడు శాతం మాత్రం అలాగే ఉంది. 2019లో హౌస్‌లో 365-65తో పాసైన బిల్లు చట్టం కాకుండానే పోయింది.

మళ్ళీ ఆ డబ్బాల దగ్గరికి. మావాడు వాళ్ళమ్మని అడిగాడు, "అమ్మా, అప్పుడు జాబ్ లేదుగా, డే అంతా ఏం చేసేదానివి?"

"ఆటలు చూసేదాన్ని. మీ నాన్నకి చెప్పేదాన్ని," అంది ఫారం నింపుతూ.

సిటిజన్‌షిప్ ఫారంలో ఉద్యోగ వివరాలు ఆఖరి ఐదేళ్ళవే అడుగుతారు. ఆవిడకి ఐదేళ్ళూ నిండుగా ఉన్నాయి. అంతకుముందు తొమ్మిదేళ్ళు ఏం చేశావని ఎక్కడా గడి లేదు. మావాడు ఆ కాయితం కాసేపు చేతిలో పట్టుకుని, రీసైక్లింగ్ డబ్బా వైపు చూసి, మళ్ళీ ఆవిడ ఫైల్లోనే పెట్టేశాడు. పెడుతూ ఒక మాట అడిగాడు.

"ఫీనిక్స్ గేమ్‌లో బారన్‌ని బెంచ్ చెయ్యడం కరెక్టేనంటావా అమ్మా?"

ఆ రాత్రి భోజనాలు పదింటికి అయ్యాయి. మీరేమంటారు, కరెక్టేనా?